కడియాల చప్పుడు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు వచ్చిన అసెంబ్లీ ఎన్నికల్లో నేను మొదటిసారి ఓటు వేశాను. ఎవరికి వేశానో నా పిల్లలకు ఇప్పటికీ చెప్పలేదు.

మాది బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింది ఊరు. ఊరి పెద్ద పటేల్ పొలం రెండెకరాలు కౌలుకు తీసుకుని చెరకు వేసుకునేవాళ్లం. పటేల్‌ది అప్పటికే ఉన్న ఎమ్మెల్యే పక్షం. పోటీకి దిగినాయన మా వాడకు వచ్చి, దున్నేవాణ్ని భూమి మీద నుంచి లేపనివ్వనని చెప్పిపోయాడు. మా అత్త తలుపు చాటు నుంచి అంతా విన్నది. మర్నాడే పటేల్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఎవలు ఏ డబ్బల ఏస్తరో నాకు ఎర్కైతది," అన్నాడు నవ్వుతూనే. "ఓట్లేసే బడి అర్గు మీద కూసుంట. ఆడోళ్ల కడియాల సప్పుడు ఎటు పోతె ఓటు గటు పోయినట్టె. నా మాట దాటినోళ్లు మల్ల నా పొలంల కాలు వెట్టొద్దు."

గోడలకు చెవులుంటాయంటారు. మా ఊళ్లో గోడలకు ఆ పని లేదు, పటేల్ చెవులే చాలు.

అప్పట్లో ఇప్పటిలా చీటీ మీద ముద్ర వేయడం లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప డబ్బా, దాని మీద అతని గుర్తు. గోనెపట్టా చాటుకు పోయి, నచ్చిన డబ్బాలో చీటీ వేసి రావాలి. ఎమ్మెల్యే డబ్బా ఈ మూల, ఎదుటాయన డబ్బా ఆ మూల, మధ్య నాలుగడుగులు. రెండు రోజులు ఆ నాలుగడుగులే తలచుకున్నాను. అత్త కాళ్లకూ నా కాళ్లకూ వెండి కడియాలు, కంసాలి వస్తే తప్ప ఊడవు.

ఓట్లనాడు అత్త నా ముందు లోపలికి పోయింది. కడియాలు ఈ మూలకే గల్లుమన్నాయి. డబ్బా టంగుమంది. తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ ఈ మూల నుంచే గల్లుమంటూ బయటికి వచ్చింది, చీరకు మోకాళ్ల దగ్గర మట్టి. అరుగు మీద పటేల్ తల ఊపాడు.

నా వంతు వచ్చింది. చీటీ పట్టుకుని పట్టా చాటుకు పోయాను. ఆ మూల డబ్బా వంక చూడటానికి కూడా భయమేసింది. దగ్గరున్న ఎమ్మెల్యే డబ్బాలోనే వేసి బయటపడ్డాను.

కాలువ గట్టు మీద అత్త గొంతు తగ్గించి చెప్పింది. "ఈ డబ్బను ఏలుతోని కొట్టిన. ఎన్క మోకాళ్ల మీద పాక్కుంట పోయి ఆ డబ్బల ఏసి, గట్లనే పాక్కుంట అచ్చిన. కడియాలు నేలకు తాకనియ్యలె. నువ్వు ఎందుల ఏసినవ్?"

"నేను గూడ గా మూల దాంట్లనే అత్తమ్మా. కడియాలకు కొంగు సుట్టుకొని పోయిన," అని అబద్ధమాడాను. అత్త నా వీపు తట్టింది.

ఎమ్మెల్యేనే గెలిచాడు. లెక్కింపు అయ్యాక పటేల్ మళ్లీ మా వాడకు వచ్చాడు. మా ఊరి ఆడవాళ్ల బూత్‌లో ఎదుటాయన డబ్బాలో ఒక్కటే చీటీ ఉందట. "గా ఒక్కతి ఎవలో దొర్కకపోదు," అని ఒక్కొక్కరి ముఖం చూస్తూ పోయాడు. పొలం మాకు దక్కింది గానీ, ఆయన బతికున్నన్నాళ్లూ ఆ చూపు మా ఇంటి మీద ఆగుతుందేమోనని వణుకుతూనే ఉన్నాం.

ఆ రోజు ఆయన సందు మలుపు తిరిగాక అత్త నా వైపు చూసింది. ఒక్కటే చీటీ అని తేలాక నా అబద్ధం బయటపడ్డట్టే. సిగ్గుతో చచ్చిపోయాను.

"భయపడ్డవా బిడ్డ?" అంది.

"భయమైంది అత్తమ్మా."

"నాకు గూడ భయమే," అంది మోకాళ్లు రుద్దుకుంటూ. "గందుకే పాకిన."