బోరు సీసాలో నల్లా వాసన

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బదిలీ అయి నీటి పరీక్షల ల్యాబులో సీనియర్ కెమిస్టుగా చేరాను. ఊళ్ల నుంచి వచ్చే బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో తేల్చడం మా ముఖ్యమైన పని. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని రాస్తాం. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. రుచిలోనూ రంగులోనూ ఏమీ తెలియదు. అందుకే ఆ నీళ్లంటే నాకు మొదటినుంచీ భయమే.

ఒకరోజు కోదాడ నుంచి ఓ స్కూలు టీచరు ప్లాస్టిక్ సీసాతో వచ్చాడు. పేరు నరేశ్ అనుకోండి. ఊరి చివర బోరున్న ఇల్లొకటి కొనాలనుకుంటున్నాడు. భార్య హైదరాబాదులో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది. నాలుగేళ్ల పాప ఇతని దగ్గరే ఉంటుంది. నీళ్ల రిపోర్టు చూడనిదే ఇంటికి ఒప్పుకోనని భార్య తెగేసి చెప్పిందట.

"జర జల్ది ఇయ్యండి మేడం. ఇల్లుగలాయన వేరేటోళ్లకు అమ్ముతనంటున్నడు" అన్నాడు. సీసా నా బల్ల మీద పెట్టాడు.

మూత తీయగానే బ్లీచింగ్ పౌడరు వాసన లీలగా తగిలింది. బోరు నీళ్లకు ఆ వాసనెక్కడిది? గాజు గొట్టంలో కాసిని నీళ్లు పోసి, క్లోరిన్‌ను కనిపెట్టే మందు చుక్కలు వేశాను. పసుపు రంగు తిరిగింది. క్లోరిన్ కలిపేది మున్సిపాలిటీ సరఫరా చేసే నల్లా నీళ్లలో. అమ్మేవాడే మోసం చేశాడనుకుని, సీసా ఎవరు పట్టారని అడిగాను.

అతను గొట్టం వంకే చూస్తూ, "నేనే పట్టిన మేడం. మా కిరాయింటి నల్లాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేమన్న బుద్ధున్నదా? రేపు ఆ నీళ్లు తాగేది నీ బిడ్డే గద!" అని అరిచాను.

కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చాడు. ఆ ఇంటి పక్కనున్న పిల్లల పళ్లు గారపట్టి ఉండటం చూశాడట. అసలు నీళ్లు తేవడానికి ధైర్యం చాలలేదట. "ఈడ ఇల్లుంటెనే సదువు అయినంక మా ఆమె ఇటొస్తది మేడం. లేకుంటె గా హైదరాబాద్లనే ఉద్యోగం సూసుకుంటది, పాపను గూడ తోల్కపోతది. ఇగ నేనొక్కన్నే" అన్నాడు. తాగడానికి నీళ్ల క్యాన్లు కొనుక్కోవచ్చులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడట.

ఆ రోజు నాకు జలుబు చేసి ఉంటే, 'తాగవచ్చు' అన్న కాగితం నా సంతకంతోనే ఆ ఇల్లాలికి చేరేది. చెప్పిన చోటి నీళ్లు కాకపోతే నమూనా తిరస్కరించాలన్నది నిబంధన. తిరస్కరించి, ముందు భార్యకు ఫోన్ చేసి నిజం చెప్పమన్నాను. వరండాలో నిలబడి చెప్పాడు.

వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఈసారి సీసా ఆమె చేతిలో ఉంది. బోరు కాసేపు నడవనిచ్చి, అవే నీళ్లతో సీసా కడిగి పట్టానని చెప్పింది. ఫ్లోరైడు పరిమితికి రెట్టింపు దాటింది. ఆమె రిపోర్టు చదివి మడత పెట్టుకుంది.

"ఇల్లొద్దు తియ్. మరి నువ్వయితే వస్తవు గద?" అని నరేశ్ నా ముందే అడిగాడు.

"ఏమో. ఇన్ని దినాలు నీళ్లకే భయపడ్డ. గిప్పుడు నువ్వేమిచ్చినా పాపకు తాపనీకి భయమైతది" అంది.

ఇద్దరూ వరండా దాటి వెళ్లిపోయారు. ఆ ఇల్లు కొనలేదని తర్వాత తెలిసింది. చదువయ్యాక ఆమె కోదాడకు వచ్చిందో లేదో నాకు తెలియదు. తెచ్చిన మనిషికి ఏ జవాబు కావాలో తెలుసుకున్నాకే నీళ్లను పరీక్షించాలని ఆ కేసు నాకు నేర్పింది. రిటైరయ్యేదాకా, ఎవరు పట్టారని అడగకుండా మరే సీసా మూతా తీయలేదు.