జేజి జానపదం కాదన్న పాట

జూలై పద్నాలుగు, సోమవారం. పొద్దున మెలకువ వచ్చేసరికి పాలిష్ మిషన్ చప్పుడు లేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. తల పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మా బేతంచెర్లలో, మా వీధి చివరి బండల ఫ్యాక్టరీలో, కరెంటు ఉండగా మిషన్ ఆగడం నాకు ఊహ తెలిసి ఇదే మొదటిసారి.

లేచి బయటికి వచ్చాను. అమ్మ గడపలో నిలబడి ఎదురింటి వైపు చూస్తోంది. "జేజి పోయిందే. నిద్రలోనే పోయిందంట. తెలిసి వాళ్ళే మిషన్ ఆపినారు" అంది.

జేజి నాకు సొంత నాయనమ్మ కాదు. ఎదురింటి పెద్దావిడ. మా వీధిలో పిల్లలందరికీ జేజే. మీలో చాలామంది ఆమె గొంతు విని ఉంటారు. రేడియోలో లలిత గీతాలు వచ్చే రోజుల్లో కడప, కర్నూలు జిల్లాల్లో ఆ గొంతు తెలియని ఇల్లు తక్కువని మా నాన్న అంటాడు. తరువాత క్యాసెట్లు వచ్చాయి. బండల లోడుతో పోయే లారీల్లో, బస్టాండు టీకొట్లలో, టైలర్ల దగ్గర ఆ క్యాసెట్లు తిరిగాయి. వాటి అట్టల మీద ఆమె పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నేను ఆమెను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఇక్కడా జేజి అనే రాస్తాను.

ఆమె పుట్టింది బద్వేలులో. వాళ్ళ నాయనకు బట్టల కొట్టు. కొట్టు వెనక గదిలో ఒక సంగీతం అయ్యవారు వారానికి రెండు రోజులు పాఠం చెప్పేవాడట. కొట్లో బేరం సాగుతుంటే లోపల పాఠం సాగేది. కొనేవాళ్ళు చీర మడత విప్పుతూనే పాట వినేవాళ్ళు. "నా చదువు అట్లా మొదలయింది పాపా. నా పాట కోసం ఎవురూ చేతిలో పని ఆపలా" అనేది జేజి. ఆమె దానికి బాధపడలేదు. పైగా అదే తన పద్ధతి అనేది. "పెండ్లి బంతిలో తినేవాళ్ళు నమలడం ఆపకుండా వినల్ల. నమలడం ఆగిందంటే అది పెద్దోళ్ళ సంగీతం. నాది కాదు."

పెళ్ళయి బేతంచెర్లకు వచ్చాక ఇంట్లో తంబూరా లేదు. ఫ్యాక్టరీ మిషన్ మోతలో తనకు కావలసిన షడ్జం ఉందని కనిపెట్టింది. రోజూ పొద్దున వసారాలో కూర్చుని, ఆ మోతకు గొంతు కలిపి సాధన చేసేది. మధ్యలో కరెంటు పోతే పాడటం ఆపి నన్ను కేకేసేది. "పాపా, కరెంటాఫీసుకు ఫోన్ చెయ్యే. షడ్జం ఎప్పుడొస్తాదో కనుక్కో."

నిరుడు నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నానని తెలిసి, ఒక తెల్ల నోటుపుస్తకం చేతిలో పెట్టింది. ఆమెకు చూపు తగ్గింది. పాడిన పాటలన్నీ రాయించాలని కోరిక. ప్రతి ఆదివారం పొద్దున వెళ్ళేదాన్ని. పాటను ముందు పాడేది కాదు, మాట్లాడినట్టు చెప్పేది. అలా మూడుసార్లు చెప్పాక, ఎక్కడైనా మాట నోటికి అడ్డం పడితే, "ఈడ రాసినాయన బలుపు చూపించినాడు" అని నవ్వేది. నేను కాలేజీ పత్రికకు రాసిన వ్యాసం ఒకటి చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "బాగుండాది. ఇంట్లో మీ అమ్మతో ఇట్లనే మాట్లాడతావా?" అంది. ఆ రాత్రి వ్యాసంలో సగం కొట్టేశాను.

నోటుపుస్తకంలో ప్రతి పాట పైన మూడు వరుసలు రాయాలి. రచన, సంగీతం, గానం. నేను మొదటి రోజు గానం పైన రాశాను. ఒప్పుకోలేదు. "పాడినోళ్ళు ఆఖర్న. రాసినోళ్ళు లేకుంటే నేను ఏం పాడుదును, మిషన్ మాదిరి మూల్గుతా ఉందును." వేదిక మీద కూడా ఆమెది అదే పద్ధతి. ముందు రాసినవాళ్ళ పేరు, తరువాతే పాట. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ విసుక్కుని, "పేర్లెవురికి కావల్లమ్మా, పాట కానీ" అన్నాడట. జేజి మైకులోనే అడిగింది. "పెండ్లిపత్రికలో నీ పేరు ఎయ్యకుంటే ఊరుకుందువా మామా?" ఆ పెళ్ళి సంగతి నాకు చెప్పింది హార్మోనియం చాచా. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె పాటలకు హార్మోనియం వాయించినవాడు. స్టేషన్ రోడ్డులో ఉంటాడు.

ఈ ఏడాది చింతపండు కొట్టే రోజుల్లో, ఆమె పాటల్లో అందరికీ తెలిసిన పాట దగ్గరికి వచ్చాం. "ఎత్తేటప్పుడు ఏడవకే రాయీ, దించేచోటు సల్లని ఇల్లు" అని మొదలవుతుంది. మీకు గుర్తొచ్చే ఉంటుంది. జేజి చింతపండులో గింజలు తీస్తూ పాట మొత్తం చెప్పింది. నేను రాసుకుని, "రచన ఎవరు జేజీ?" అన్నాను.

అటు పక్క కూర్చున్న చాచా అందుకున్నాడు. "జానపదం బేటీ. క్యాసెట్ మీద అట్లనే ఉండాది గదా."

"జానపదం కాదు" అంది జేజి. చాచా ఆమె వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకూ ఆ సంగతి తెలియదు.

అప్పుడు చెప్పింది. పెళ్ళయిన మూడో ఏడు ఎండాకాలంలో, కోసిగి నుంచి కూలీలు బండలు ఎత్తడానికి వచ్చారు. వాళ్ళలో ఒక ఆడమనిషి లారీకి బండలు ఎత్తుతూ ఈ పాట పాడేది. జేజి వసారాలోంచి వినేది. ఒకరోజు పిలిచి, మిగతా పాట చెప్పమంది. "ఇంతే ఉండాదమ్మా. ఇంకా కావాలంటే కడతా" అని, నీడలో కూర్చుని, మజ్జిగ తాగి, అక్కడికక్కడే ఆఖరి చరణం కట్టింది.

నీకు ఇల్లు దొరికెనే రాయీ
నా ఇంటికి తాళముండాదే

కొన్ని నెలల తరువాత రేడియోలో పాడటానికి పోయినప్పుడు కాగితం నింపమన్నారు. రచన అన్న చోట ఏం రాయాలో జేజికి తెలియలేదు. ఆ మనిషిని ఇక్కడ అందరూ కోసిగామె అనేవాళ్ళు. జేజీ అలాగే అనేది. అప్పటికి ఆ కూలీలు వెళ్ళిపోయారు.

"జానపదం అని నేనే రాసినా, నా చేత్తోనే. నీళ్ళిచ్చినా, మజ్జిగ ఇచ్చినా. పేరు అడగాలని తోచలే. బండలు మోసేదానికి పేరెందుకు అనుకున్యానేమో" అంది. ఇంకో గింజ తీసి, "అందరి పేర్లూ చెప్తాననే పేరు నాకు. ఆ పాట కాడికి వస్తే మాత్రం జానపదం అని గబగబా అనేసి ఎత్తుకునేదాన్ని. నలభై ఏండ్లు" అంది.

నోటుపుస్తకంలో రచన ఎదురుగా ఖాళీ వదిలేశాను.

ఇప్పుడు కూడా ఫ్యాక్టరీలో లోడింగుకు కోసిగి వాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక అన్నను అడిగితే, "ఆ పాటా? మా గేరిలో ముసలామె పాడతాది. ఈరన్న వాళ్ళమ్మ. క్యాసెట్ది అని ఎవురూ అనుకోరు, ఆమెదే అంటారు" అన్నాడు. గేరి అంటే వాళ్ళ వైపు వీధి. అది విన్న రోజు జేజి మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. మరుసటి ఆదివారం చాచానూ నన్నూ కోసిగి పంపింది.

ఆ గేరిలో వరుసగా తాళాలు ఉన్నాయి. నేను లెక్కపెట్టలేదు, కానీ తెరిచిన తలుపు కోసం కాసేపు వెతకాల్సి వచ్చింది. తెరిచిన ఇంట్లో ఒక పెద్దామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఈరన్న వాళ్ళా? సుగ్గికి పోయినారు. గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి. వానలు పడినంక వస్తారు" అంది.

"వాళ్ళమ్మ కూడా పోయిందా అవ్వా?"

"పోకుంటే? చంటిపిల్లోళ్ళను ఎవురు పట్టుకోవల్ల?"

"ఆమె పేరేంటి?"

పెద్దామె ఆలోచించింది. "పేరా? ఈరన్న వాళ్ళమ్మ అంటాం. అంతకు ముందు చిన్నకోడలు అంటాంటిమి." తరువాత నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎందుకు పాపా, పించనీ ఇప్పిస్తావా?" అంది.

తిరిగొచ్చి చెబితే జేజి నవ్వలేదు. "ఈరన్న వాళ్ళమ్మ అని రాయొద్దు. కోసిగామె అన్నా ఒకటే, అదన్నా ఒకటే. ఆమె పేరు కావల్ల."

లోడింగ్ అన్న దగ్గర ఈరన్న ఫోన్ నంబరు ఉంది. చేద్దామని నేను అన్నాను. జేజి వద్దంది. "ముందు తప్పు ఒప్పుకోవల్ల. తర్వాత పేరు అడగల్ల. ఫోన్లో ఎట్ల ఒప్పుకుంటాం పాపా, ఆమె మొగం చూడకుండా? వానలు పడనీ. నేనే పోతా."

నాకు అప్పుడు అది మొండితనంగా అనిపించింది. ఇప్పటికీ కొంచెం అలాగే అనిపిస్తుంది. ఒక ఫోన్‌తో అయిపోయే పని.

వేసవి అంతా ఆమె వసారాలో కూర్చుని, లోడింగ్ అన్న కనబడినప్పుడల్లా "వచ్చినారా అప్పా?" అనేది. "ఇంకా రాలేదు అవ్వా" అనేవాడు. జూన్‌లో ఒక వాన పడింది. ఆ రోజు జేజి తన పాత పట్టుచీరల్లో ఒకటి తీసి పక్కన పెట్టించింది. వేదికకు కట్టింది కాదు, అంత బరువు లేనిది. ప్రయాణానికి. అప్పటికే ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. వాళ్ళ అబ్బాయి, "ఈ ఒంటితో కోసిగి పోతావామ్మా?" అంటే, "రాయిని ఎత్తినట్టు ఎత్తుకోని పోండి, ఏడవనులే" అంది. అది విని మేమంతా నవ్వాము.

ఈ రోజు ఉదయం వాళ్ళింటి ముందు జనం నిండారు. ఫ్యాక్టరీల వాళ్ళు, పాత లారీ డ్రైవర్లు, కడప నుంచి ఇద్దరు వాద్యగాళ్ళు వచ్చారు. ఒక లారీ డ్రైవరు తన క్యాసెట్ ఒకటి తెచ్చి జేజి పాదాల దగ్గర పెట్టాడు. దాన్ని వినిపించే టేప్ రికార్డర్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

జేజిని కదిలించే ముందు, ఆర్కెస్ట్రా కుర్రవాడొకడు ఫోన్‌కు స్పీకరు తగిలించి, "ఇప్పుడు మన అమ్మ పాడిన జానపదం వింటాం" అన్నాడు.

"జానపదం కాదప్పా" అన్నాడు చాచా. గట్టిగానే అన్నాడు.

కుర్రవాడు ఆగాడు. "మరి రాసింది ఎవురు చాచా?"

చాచా నా వైపు చూశాడు. అందరూ చూశారు. నోటుపుస్తకం నా చేతిలోనే ఉంది. దానిలో రచన ఎదురుగా ఇంకా ఖాళీయే. కుర్రవాడు ఎవరి పేరూ చెప్పకుండానే పాట పెట్టాడు. పాట సాగుతుండగానే మనుషులు తమ పనులు చేసుకున్నారు. పూలు సర్దారు, తాళ్ళు బిగించారు, ఎవరో నీళ్ళు అందించారు. ఎవరి చేయీ ఆగలేదు.

శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చాక, లోడింగ్ అన్న మా గేటు దగ్గరికి వచ్చాడు.

"నిన్న సాయంత్రం చెబుదామని వచ్చినా పాపా. ఈరన్న వాళ్ళు ఊరికి వచ్చేసినారు. జేజి నిద్రపోతాంది అన్నారు. లేపొద్దులే, పొద్దున చెబుదాం అని ఎళ్ళిపోయినా."

అతని తప్పు ఏముంది? పడుకున్న మనిషిని లేపకపోవడం మర్యాదే.

"వాళ్ళమ్మ కూడా వచ్చిందా అన్నా?"

"వచ్చింది. సేన్లో విత్తనం ఏస్తాండారు. గట్టు మీద పిల్లోళ్ళను పెట్టుకోని కూర్చుంటాదంట." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఉండు, ఈరన్నను అడిగి పేరు ఇప్పుడే చెప్తా."

అతని వేలు తెర మీద ఉంది. ఒక్క నిమిషంలో ఆ ఖాళీ నిండిపోయేది.

"వద్దన్నా, రేపు నేనే పోతా" అన్నాను.

అతను అర్థం కానట్టు చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మకు కూడా అర్థం కాలేదు. "ఈ పొద్దు మనిషి పోయింది, తెల్లారి ప్రయాణమా?" అంది. "జేజి పనే కదమ్మా" అంటే, సద్ది కట్టడానికి ఏమున్నాయో చూడటానికి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు సాయంత్రం. మిషన్ ఇంకా మొదలుపెట్టలేదు. ఇందాక స్టేషన్ రోడ్డుకు వెళ్ళి చాచాను అడిగాను. ఆమెకు ముందు జేజి పోయిందని చెప్పాలా, రేడియో కాగితం సంగతి చెప్పాలా, లేక పేరు అడగాలా అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ముందు ఆమె పక్కన కూర్చోవల్ల బేటీ. నిలబడి మాట్లాడొద్దు. మిగతాది తర్వాత."

రేపు పొద్దున మొదటి రైలుకు చాచా, నేను స్టేషన్‌లో ఉండాలి. గుంతకల్లులో దిగి కోసిగి బండి పట్టుకోవాలి. ఈరన్న వాళ్ళ ఇంటికి పోము, నేరుగా చేనికే. ఆ వేళకు గేరిలో ఎవరూ ఉండరు, అందరూ చేలల్లోనే ఉంటారని అన్న చెప్పాడు. నిన్న అటు వైపు మళ్ళీ వాన పడిందట. గట్టు ఇంకా తడిగానే ఉంటుంది. అలాగే కూర్చుంటాం.