మంచుబండి బానెట్‌కి రెండు కన్నాలు

నిక్షేపంలాంటి వస్తువుకు చేతులారా కన్నం పెట్టడమంటే నాకు చచ్చేంత భయం. మా అమ్మాయికి చెవులు కుట్టించిన రోజున కూడా నేను ఆ గదిలో లేను. మా ఆయనే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. అలాంటి నేను, కిందటి ఆగస్టులో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, క్రామ్‌వెల్‌లో ఒక చలి గ్యారేజీలో రంపం పట్టుకుని స్నోమొబైల్ ముందు నిలబడ్డాను.

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, కింద రబ్బరు పట్టా, పైన మోటారుసైకిల్ సీటు. అది మా అమ్మాయిది. ఆక్లాండ్‌లో, హాబ్సన్‌విల్‌లోని మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చినుకు పడితే గడప దాటని పిల్ల. చదువు కాగానే దక్షిణ దీవిలోని ఈ క్రామ్‌వెల్‌లో ఉద్యోగమని వెళ్ళి, ఒక కివీ స్నేహితురాలితో కలిసి ఫ్లాట్ తీసుకుని, మొదటి చలికాలానికే ఎవరో వాడి వదిలేసిన ఈ బండి కొంది.

బండికో జబ్బు ఉంది. ఇంజను వేడంతా బానెట్ కింద చిక్కుకుపోయి, పట్టాను తిప్పే బెల్టు కాలిపోతుంది. బెల్టు తెగిందా, ఇక బండి కదలదు. జూలైలో ఒకసారి కొండ మీద అలాగే తెగిందట. ఆ రోజు ఒక్కతే వెళ్ళిందట. మంచులో నడుచుకుంటూ చీకటి పడ్డాక కిందికి చేరిందట. ఈ 'అట'లన్నీ దాని నోటి నుంచి వచ్చినవి కావు. వీడియో కాల్‌లో ఉండగా పక్కనుంచి స్నేహితురాలు నోరు జారింది.

"ఎందుకు చెప్పలేదే మాకు?" అన్నాను.

"బికాజ్ యూ ఫ్రీక్ అవుట్, అమ్మా." నేను హడలిపోతానట. తెలుగంతా అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

కొండ మీద చిక్కుకుందన్న మాట కంటే మాకు చెప్పలేదన్న మాటే నన్ను ఎక్కువ కోసింది. ఇలాంటివి ఇంకెన్ని దాచిందో! బండి అమ్మెయ్యమని అరవొచ్చు. నాకు అరవడం బాగా వచ్చు కూడా. అరిస్తే ఏమవుతుంది? ఈసారి ఇంకా జాగ్రత్తగా దాస్తుంది. అందుకని గుడ్ల నీరు గుడ్లలోనే కుక్కుకుని, "మరి ఆ వేడికి మందేమిటి?" అని అడిగాను. బానెట్‌కి కన్నాలు కోసి వెంట్లు, అంటే గాలి ఆడే జాలీ మూతలు, బిగిస్తే వేడి పైకి పోతుందని చెప్పింది. బండి కంపెనీవి కాకపోయినా సరిపోయేవి విడిగా దొరుకుతాయట.

"తెప్పించు, నేనొచ్చి కోస్తాను" అన్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మాట నిజమే. కాలేజీ వర్క్‌షాపులో ఆకురాయి పట్టిన మాటా నిజమే. ఆ తర్వాత నా బతుకంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో గడిచింది. తప్పు కోస్తే వెనక్కి తీసుకునే మీట రంపానికి ఉండదని గ్యారేజీలోకి వెళ్ళాకే తట్టింది.

వెంట్లతోపాటు వచ్చిన, కన్నం కొలత గీసి ఉన్న అచ్చు కాగితాన్ని బానెట్ మీద టేపుతో అంటించాను, తీశాను, మళ్ళీ అంటించాను. మా ఆయన నా భుజం మీదుగా తొంగిచూస్తూ, "ఇంకోసారి కొలువు" అంటున్నారు. కొలిచాను. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. డ్రిల్లు ప్లాస్టిక్‌లో దిగినప్పుడు నా పళ్ళు జివ్వుమన్నాయి. రంపం ఒక చోట గీత దాటి కొంచెం పక్కకు పోయింది. అయితే వెంటు అంచు దాన్ని కప్పేసింది. ఒకటి బెల్టు వైపు, ఒకటి పొగగొట్టం వైపు, రెండూ కూర్చున్నాయి.

"ఇందులోంచి మంచు లోపలికి పోదూ?" అన్నారు మా ఆయన.

"జాలీ ఉందిగా. పోయినా ఆ వేడికి కరిగిపోతుంది."

ఆయన తలాడించారు గానీ నమ్మలేదు. లోకంలో జబ్బులన్నీ చెవుల్లోంచే లోపలికి పోతాయని ఆయన సిద్ధాంతం. ఏప్రిల్ వస్తే చాలు, చెవుల్లో దూది, ఆ పైన మెరూన్ రంగు మఫ్లర్. ఆఫీసులో మీటింగులకు కూడా అదే అవతారం.

మర్నాడు పొద్దున్నే అందరం కొండ దారిన మంచు మొదలయ్యే చోటికి వెళ్ళాం. స్నేహితురాలికి వేరే బండి ఉంది. భోజనాల వేళకి వచ్చేస్తామని చెప్పి ఇద్దరూ బయలుదేరారు. మా అమ్మాయి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, నవ్వుతూనే. రెండు బండ్లూ గట్టు దాటి కనబడకుండా పోయాక నవ్వు కూడా పోయింది.

కార్లో కూర్చున్నాం. ఫోనుకు సిగ్నల్ లేదు. ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని గట్టు వైపే చూస్తున్నాను. మా ఆయన ఉండుండి రెండు చేతులతో చెవులు రుద్దుకుంటున్నారు.

"మఫ్లరేదండీ?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "బండికి పెట్టాను."

"ఏ బండికి?"

"అమ్మాయి బండికే. పొద్దున మీరంతా టీ తాగుతుంటే బానెట్ ఎత్తి, ఆ రెండు కన్నాలకీ లోపల్నుంచి అడ్డంగా దోపాను. మంచు పోకుండా."

ఇక నా నోరు ఆగలేదు. "ఊపిరాడటం లేదని కన్నాలు కోస్తే, వాటికి గుడ్డ కుక్కుతారా? అదేమన్నా మీ చెవా? పొగగొట్టం పక్కన ఉన్ని గుడ్డ! అంటుకుంటే? మళ్ళీ బెల్టు తెగితే?"

ఆయన ముఖం పాలిపోయింది. "నాకేం తెలుసే" అని గొణిగారు. తలుపు తీసుకుని, ఆ బూట్లతోనే గట్టు వైపు నాలుగడుగులు వేసి, మోకాలి దాకా మంచులో కూరుకుపోయి నిలబడిపోయారు. వెళ్ళి చెయ్యిచ్చి లాగాను. నేను తిట్టడం మానేశాను.

అప్పుడు ఇంజను చప్పుడు వినబడింది. ఒక్కటే బండి. స్నేహితురాలిది.

దాని వెనక ఇంకో బండి కోసం చూశాను. ఆ పిల్ల హెల్మెట్ తీసి నవ్వింది. "కంగారు పడకండి ఆంటీ. ఆ గట్టు వెనకే ఉంది. బానెట్ ఎత్తి చూసుకుంటోంది. 'ముందు నువ్వు వెళ్ళి మా వాళ్ళకి చెప్పు, లేకపోతే భయపడతారు' అంది" అని ఇంగ్లీషులో చెప్పింది.

ముందు వెళ్ళి మా వాళ్ళకి చెప్పమంది! ఆ మాట నా బుర్రకెక్కేలోపే రెండో చప్పుడు కూడా వచ్చింది. గట్టు దిగి మా ముందు ఆగింది. మా అమ్మాయి హెల్మెట్ తీసింది. లోపల మెడకీ చెవులకీ మెరూన్ మఫ్లర్ చుట్టుకుని ఉంది. దాని ఒక అంచు కమిలి నల్లబడింది.

"అమ్మా, సమ్‌థింగ్ వాజ్ బర్నింగ్..." అని మొదలుపెట్టబోయింది.

"పెట్టింది నేనేరా" అన్నారు మా ఆయన.

"ఐ నో, డాడ్. హూ ఎల్స్ వేర్స్ దిస్ మఫ్లర్?" అది విప్పి, ఆయన చెవులు మూసుకుపోయేలా గట్టిగా చుట్టింది. నేను బానెట్ మీద చెయ్యి పెట్టాను. రెండు వెంట్లలోంచీ వేడిగాలి పైకి వస్తోంది.

కార్లో వెనక సీట్లో కూర్చుని పులిహోర తింటూ మా అమ్మాయి అంతా చెప్పింది. వాసన ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఆపింది, మఫ్లర్‌ని ఎలా బయటికి లాగింది. నేను ఊ కొట్టాను. నేను అరవడం లేదేమిటా అన్నట్టు నా వైపు కాసేపు చూసింది. తర్వాత, అడక్కుండానే, జూలై సంగతి ఎత్తింది. బెల్టు తెగిన చోట నుంచి కింద ఒక్క దీపం కూడా కనబడలేదట. దారి తప్పి రెండుసార్లు వెనక్కి తిరిగిందట.

"చాలా భయమేసిందమ్మా" అంది, తెలుగులో.

"ఊ" అన్నాను. ఇంకేమీ అనకుండా ఉండటానికి పులిహోర ముద్ద పెద్దది ఒకటి నోట్లో పెట్టుకున్నాను.