సత్యం వేయించిన బూరెలు

ఈ రోజు ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా అమ్మాయి పెళ్లి జరిగింది. నా సంతోషం రాయడానికి ఈ ఫోను చాలదు. ఒక్కటే బెంగ, భోజనాల పంక్తిలో నా పక్కన సత్యం లేడే అని. నిరుడు కాలం చేశాడు మహానుభావుడు.

ఎనభైల్లో ఇద్దరం కరోల్ బాగ్‌లో ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఢిల్లీలో ఏ తెలుగువారి పెళ్లికి పిలిచినా కలిసే వెళ్లేవాళ్లం. బూరెలు రాగానే వాడు నన్ను చూపించి, "మావాడికి మొహమాటమండీ, అడగలేడు. ఇంకో నాలుగు వెయ్యండి" అనేవాడు. విస్తట్లో వదిలేస్తే మర్యాద కాదని నేను ఆపసోపాలు పడుతూ తింటుంటే, వాడు తాపీగా మజ్జిగ తాగుతూ నవ్వేవాడు.

ఈ రోజు నా పక్కన సత్యం వాళ్లమ్మాయి కూర్చుంది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. బూరెలు రాగానే నన్ను చూపించి, "మావాడికి మొహమాటమండీ, అడగలేడు. ఇంకో నాలుగు వెయ్యండి" అంది.

పంక్తంతా గొల్లున నవ్వింది.

"తెలుగెప్పుడు నేర్చుకున్నావే?" అన్నాను.

"ఇత్నా హీ ఆతా హై అంకుల్" అంది, ఇంతే వచ్చని. మా అమ్మాయి పెళ్లిలో చెప్పమని వాళ్ల పాపా నేర్పించాడని కూడా హిందీలోనే చెప్పింది.

మా ఆవిడ దూరం నుంచి నా షుగరు గుర్తు చేస్తూ కళ్లురిమింది. అయినా నాలుగూ తినేశాను. వదిలేస్తే మర్యాద కాదు కదా. మీరైతే వదిలేసేవారా, చెప్పండి.