బానెట్ మీద నాయన బొటనవేలు

మా చిన్నప్పుడు... నేను రేసు కారులోనే స్కూలుకి వెళ్లేదాన్ని. నవ్వకండి, నిజం! ఒమన్‌లో అల్ సువైక్ దగ్గర ఉండేవాళ్లం. వారమంతా మా పక్కింటి హమద్ చాచా పిల్లలందరినీ స్కూల్లో దించే తెల్ల కారే శుక్రవారం సాయంత్రం పందెంలోకి దిగేది. వెనక సీటు కింద మేం పారేసిన పెన్సిల్ ముక్కలు, ఖర్జూరం గింజలు అలాగే ఉండేవి...

నిన్న మా మేనల్లుడు "అత్తా, డ్రాగ్ రేసు కారంటే ఇదీ" అని ఒక వీడియో పంపాడు. చూశాను. హెడ్‌లైట్లు స్టిక్కర్లు. తలుపులు ఉత్త గీతలు. కోళ్ల గంప ఎత్తినట్టు బాడీ మొత్తం పైకెత్తితే డ్రైవరు లోపల దూరాడు. దీన్నీ కారంటారట! థూ...

మా పందెం ఇలా కాదు. ఊరి బయట ఎవరూ వాడని తిన్నటి రోడ్డు. పక్కపక్కన రెండు కార్లు. ముందుగా చివరి స్తంభం దాటినవాడిదే గెలుపు. షరతు ఒక్కటే... ఇంజన్‌ని ఏం చేసుకున్నా సరే, బాడీ మాత్రం కంపెనీలోంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి.

అది చూసి చెప్పేది మా నాయన. పేరు చెన్నయ్య, కడప నుంచి వచ్చిన టింకరింగ్ మేస్త్రీ. పాత స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఆయన జేబులో ఉండేది, అమ్మ పూలు కట్టే దారం కట్టి. రేకయితే టక్కున అంటుకుంటుంది. ఫైబర్ అయితే జారిపోతుంది. తలుపు, డిక్కీ, బానెట్... టక్, టక్, టక్. "సబ్ లోహా" అనేవాడు, అంతా ఇనుమే అని. ఇక ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. పక్కన నిలబడి నేను ఉబ్బిపోయేదాన్ని.

తొంభైలు వచ్చేసరికి బుద్ధులు మారాయి. ముందు స్టెప్నీ తీసేశారు. తర్వాత వెనక సీటు. తర్వాత అద్దాలు పోయి ప్లాస్టిక్ వచ్చింది. బరువు తగ్గితే వేగమట! ఇంజన్ పని చేతకానివాళ్ల ఏడుపంతా పోయి పోయి రేకు మీద పడింది.

ఒక శుక్రవారం నాయన పనిచేసే గ్యారేజీ యజమాని తన ఎర్ర కారు తెచ్చాడు. ఆయన్ని అర్బాబ్ అనేవాళ్లం. ఎదురు హమద్ చాచా. నాయన ఎర్ర కారు తలుపుల మీద అయస్కాంతం పెట్టాడు... టక్, టక్. బానెట్ మీద పెట్టాడు. చప్పుడు లేదు.

నాయన బొటనవేలు అయస్కాంతాన్ని జారిపోకుండా నొక్కి పట్టుకుంది. అర్బాబ్ నవ్వుతూ చూస్తున్నాడు.

"సబ్ లోహా" అన్నాడు నాయన.

చాచా కనీసం వంగి కూడా చూడలేదు. "చెన్నా దేఖా... ఖలాస్" అన్నాడు, చెన్నయ్య చూశాడంటే ఇంక అయిపోయినట్టే అని. ఓడిపోయాక నవ్వుతూ వచ్చి నాయనకి చెయ్యి కూడా ఇచ్చాడు.

ఇంటికి రాగానే అడిగేశాను. "అది అంటుకోల్యా నాయనా. నేను జూసినా."

"మన పాస్‌పోర్టులు ఎవరి బీరువాలో ఉండాయో తెల్సునా నీకు?" అన్నాడు నాయన. గొంతు పెంచలేదు. నా వైపు చూడనూ లేదు. ఆ తర్వాత పందేలకి వెళ్లడం మానేశాడు.

మర్నాడు మళ్లీ చాచా కారే ఎక్కాను. ఆయన ఎప్పట్లాగే పలకరిస్తుంటే చచ్చేంత సిగ్గేసింది. ఆ కోపమంతా నాయన మీద పెట్టుకుని ఏళ్ల తరబడి ముక్తసరిగా మాట్లాడాను. అర్బాబ్‌ని ఒక్క మాట అనే ధైర్యం నాకూ లేదు, నాయన మీద మాత్రం బాగానే ఉండేది!

ఆ అయస్కాంతం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ వీడియోలో కారుకి ఎక్కడ పెట్టినా అంటుకోదు. అంతా ఫైబరే, అదీ అందరికీ తెలిసే. దానికి చప్పట్లు, ఈలలు... ఎవరి వేలూ అడ్డం పెట్టాల్సిన పనే లేదు.

మీ నాన్నల జేబుల్లో ఏముండేవో రాయండి, చదువుతాను. మా నాయన ఒక్క బానెట్ దాచినందుకు పోయేదాకా నా ముందు తల దించుకునే మాట్లాడాడు... నేనూ ఎత్తమనలేదు.