మందుకు ముందు రాయించిన చీటీ

అన్నకు ఎముకల మజ్జలో క్యాన్సర్ అని నాకు మొదట చెప్పింది మా వదిన సరోజ. నగర్తపేటలో అన్న ఇత్తడి కుందులు చేసే షెడ్డు ముందే నిలబడి చెప్పింది.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. దేవుణ్ణి నమ్ముతాను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

కీమోతో గుణం కనిపించక, డాక్టర్లు యాంటీబాడీ మందు మొదలుపెడదామన్నారు. మొదటి రోజు డ్రిప్పు చాలా మెల్లగా ఎక్కిస్తారని వదినా నేనూ అన్నను తీసుకొని పొద్దున్నే వెళ్లాం. నర్సు మందు తేవడానికి లోపలికి పోయింది. నా పక్క కుర్చీలో ఒక పెద్దామె. వార్డులోకి పూలు రానివ్వరు, కానీ ఆమె కొప్పులో కనకాంబరాలు ఉన్నాయి. అప్పుడు నాకది వింతగా తోచలేదు.

“ఈ మందు పడినాక రక్తం కలవదమ్మా. ముందే పరీక్ష చేపిచ్చి చీటీ రాపిచ్చుకో. మా ఆయన రంగప్పకు ఎవురూ చెప్పల్యా,” అంది.

మా వైపు ఆ వయసు ఆడవాళ్లు భర్త పేరు పలకరు. అందుకే ఆ పేరు గుర్తుండిపోయింది.

నర్సుతో చెప్పాను. డాక్టరు వచ్చి మందు ఆపించి, ముందు అన్న రక్తం పరీక్షకు తీయించి, ఆ వివరాలన్నీ చీటీ మీద రాయించి ఇచ్చాడు. ఈ మందు ఎర్ర కణాలకూ అంటుకుంటుందట. సరిపోయే రక్తం కూడా పరీక్షలో సరిపోనట్టే కనిపిస్తుందట. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

మూడో నెలలో అన్న షెడ్డులో కళ్లు తిరిగి పడిపోయాడు. దగ్గరున్న ఆసుపత్రిలో వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. ఏ సంచీ పరీక్షించినా కలవలేదు. వదినా నేనూ గోడకు ఆనుకొని నిలబడ్డాం. ఏం చేయాలో తోచలేదు.

“ఊరందరి రక్తమూ నాకు సరిపోదంట. అంత గొప్పోణ్ణయినానా నేను?” అన్నాడు అన్న. నవ్వబోతే నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చీటీ గుర్తొచ్చింది. అది చూసి ల్యాబు వాళ్లు వేరే పద్ధతిలో పరీక్షించి, సాయంత్రంలోగా రక్తం ఎక్కించారు.

తర్వాతి డ్రిప్పుకు వెళ్లినప్పుడు, దండం పెట్టుకోవాలని, రంగప్ప భార్య అయిన ఆ పెద్దామె ఎక్కడుంటుందో నర్సును అడిగాను. రంగప్ప పేరు వినగానే నర్సు గుర్తుపట్టింది. ఈ మందే తీసుకుంటూ, వేరే చోట రక్తం కలవక చనిపోయాడట. ఎప్పుడూ ఒక్కడే వచ్చేవాడట. అతనికి జబ్బు రాకముందే భార్య పోయిందట.

నా పక్కన కూర్చున్న పెద్దామె గుర్తుందా అని వదినను అడిగాను. “ఆ పొద్దు నువ్వు ఎవురితోనూ మాట్లాడల్యా. గోడతట్టు తిరిగి జపం చేసుకుంటా ఉండావు,” అంది.

అన్నకు చికిత్స ఇంకా జరుగుతోంది. ఏమవుతుందో తెలియదు. చీటీ నా సంచిలోనే ఉంది. ఆ మాట నాకెలా చేరిందో ఇప్పటికీ చెప్పలేను. ఆమె పేరు నేను అడగలేదు. ఆమె పలికింది ఆయన పేరొక్కటే. దీపం పెట్టేటప్పుడు మీరూ ఒకసారి రంగప్పను తలచుకోండి.