పురుగులింట్లో దాచిన క్యాసెట్

నా చిన్నప్పుడు మేము ఉండింది హోసూరు నుంచి బాగలూరు పోయే దారిలో ఒక పల్లెలో. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, అక్కడ పట్టుపురుగులు పెంచేవాడు. ఇంటి వెనక పెంకులు కప్పిన పొడుగాటి గది ఉండేది. దాన్ని పురుగులిల్లు అనేవాళ్లం. పురుగులున్న నెల రోజులూ అందులోకి తాతయ్య, అమ్మమ్మ తప్ప ఎవరూ పోకూడదు. వాళ్లు కూడా గడప దగ్గర పోసిన సున్నంలో పాదాలు అద్దుకునే లోపలికి పోయేవారు. పంట తీసి, గది కడిగి, మళ్లీ గుడ్లు తెచ్చేదాకా పది పదిహేను రోజులు అది ఖాళీగా ఉండేది. ఆ రోజుల్లో మా అన్న, అతని స్నేహితులు అందులో పాటలు వాయించేవారు.

అన్న హోసూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ పని నేర్చుకుంటుండేవాడు. అదే ఫ్యాక్టరీలో పని నేర్చుకునే నలుగురు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండు అది. అన్న వాయించేది లావు తీగల బేస్ గిటార్. దాని శబ్దం చెవికంటే ముందు కాళ్లకు తెలిసేది. డ్రమ్ములు వాయించే అన్న తొందరపడతాడని, ప్రతి పాటకూ ముందు మా అన్నే అంకెలు చెప్పేవాడు. తెలుగులో చెప్పేవాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని. అలా మొదలయ్యేది రాక్ ఎట్లా అవుతుందని మిగిలినవాళ్లు నవ్వేవారు.

నాకు పదేళ్లప్పుడు, ఆడి నెలలో, అంటే ఆషాఢ శ్రావణాల మధ్య, డ్యూటీ ముగించుకుని సైకిల్ మీద వస్తున్న అన్నను లారీ కొట్టింది.

తర్వాత ఇంట్లో ఎవరూ పెద్దగా ఏడ్చిన గుర్తు లేదు. అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. నేను మాట్లాడటం మానేశాను. మానాలని అనుకుని మానలేదు. ఒక రోజు మాట్లాడలేదు, మరుసటి రోజు మాట్లాడాల్సిన పని పడలేదు, అలా రోజులు గడిచాయి. బళ్లో పంతులు అడిగినా తల ఊపేదాన్ని. ఊళ్లోవాళ్లు పిల్లకు గాలి సోకిందని, మంత్రం వేయించమని అమ్మమ్మకు చెప్పి పోయేవారు. మా తాతయ్య మాత్రం నన్ను ఏమీ అడగలేదు. ఆకు కోయడానికి పోతూ నా చేతికి ఒక చిన్న బుట్ట ఇచ్చేవాడు. ఇద్దరం మాట లేకుండా కోసుకుని వచ్చేవాళ్లం.

బ్యాండువాళ్లు రావడం మానలేదు. వాళ్ల డ్రమ్ములు, టేప్ రికార్డరు మా ఇంట్లోనే ఉండేవి. పురుగులున్న నెలలో వాయించడానికి లేకపోయినా ఆదివారం మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుని వాదించుకునేవారు. మొదట పాడినవాడు కోయంబత్తూరు పోయాడు. మొదటి గిటారిస్టు పెళ్లయ్యాక మానుకున్నాడు. వాళ్ల చోట్లలోకి అన్న ఉండగానే ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఇప్పుడు మా అన్న లేడు. మొదటి నలుగురిలో మిగిలింది డ్రమ్ముల అన్న ఒక్కడే. అన్న స్థానంలోకి మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మాట తక్కువ, చూపు ఎప్పుడూ నేల మీదే. అన్న గిటారే అతనికి ఇచ్చారు.

ఇది పాత బ్యాండేనా, కొత్తదా? కొత్తదైతే కొత్త పేరు పెట్టాలా? వాళ్ల వాదన అంతా దీని మీదే. వాకిలి మార్చినంత మాత్రాన ఇల్లు మారదు అని డ్రమ్ముల అన్న అనేవాడు. ఆ మాటకు గిటార్ అన్న, "వాకిలి మార్చినావు, గోడ మార్చినావు, పెంకులూ మార్చినావు. ఇంక మిగిలింది నువ్వొక గుంజవి, అంతే కదప్పా" అన్నాడు. అది తేలకముందే తాము వాయించేది ఏ రకం సంగీతమనే గొడవ మొదలయ్యేది. ఒకరు హార్డ్ రాక్ అంటే ఇంకొకరు బ్లూస్ అనేవారు. పాట తెలుగులో ఉంది కాబట్టి రెండూ కాదు, పెళ్లిళ్లలో వాయించే లైట్ మ్యూజిక్ అని పాడే అన్న అనేవాడు. దానికి మిగిలినవాళ్లకు కోపం వచ్చేది. కాఫీ తెచ్చిన అమ్మమ్మ ఒకసారి, "తలనొప్పి అని రాయండప్పా, సరిపోతుంది" అని లోపలికి పోయింది.

రాయాల్సిన అవసరం నిజంగానే వచ్చింది. బెంగళూరులో ఒక కాలేజీలో పోటీ పెట్టారు. ముందుగా ఒక పాట క్యాసెట్ పంపాలి. దాని మీద బ్యాండు పేరు, సంగీతం రకం, వేదిక మీద వాయించే నలుగురి పేర్లు రాయాలి. వాళ్ల దగ్గర పంపదగ్గ రికార్డింగు ఒక్కటే ఉంది. అది అన్న బతికుండగా పురుగులింట్లో చేసింది. దాన్నే పంపుదామని, పోచంపల్లి కుర్రాడి పేరు రాద్దామని డ్రమ్ముల అన్న అన్నాడు. వేదిక మీద ఉండేది అతనే కదా, నియమం అదే కదా అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆ కుర్రాడు ఏదో అనబోయి మానుకున్నాడు.

నేను అరుగు మూలన కూర్చుని వింటున్నాను. అన్న గొంతు, అన్న వేళ్లు, పైన ఇంకొకరి పేరు. ఆ పేరు రాశాక అన్న ఆ పాటలో ఉండడు అని నాకు అనిపించింది. పదేళ్ల పిల్లకు అంతకంటే వివరంగా తెలియదు.

ఆ రోజే తాతయ్య కొత్త గుడ్లు తెచ్చాడు. కార్తీక మాసం, మా వైపు చలి ఎక్కువ. పురుగులింట్లో కుంపట్లు వెలిగించాలి. తాతయ్య బొగ్గులకు పోయిన సమయంలో నేను వాళ్ల పెట్టెలోంచి క్యాసెట్ తీసి, సున్నంలో కాళ్లు అద్దుకుని లోపలికి పోయి, కుంపటి పైనున్న అటక మీద దూలం సందులో పెట్టి వచ్చాను. ఇంక నెల రోజులు అక్కడికి ఎవరూ పోలేరు. నేను కూడా పోలేను. ఆ సంగతి తలుపు మూశాక గానీ తట్టలేదు.

క్యాసెట్ కోసం ఇల్లంతా వెతికారు. నువ్వు తీసుకుపోయినావంటే నువ్వు తీసుకుపోయినావని ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారు. పంపే గడువు దగ్గర పడుతోంది. నన్ను అడిగారు, తల అడ్డంగా ఊపాను. తాతయ్యను అడిగారు. పంట దిగనీయండి, అప్పుడు వెతుకుదాం అన్నాడు.

పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. జ్వరం వచ్చిన పురుగు తినదు, కదలదు. తల పైకెత్తి ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. ఆ పంట నాలుగో జ్వరం రోజు నాకు బాగా గుర్తుంది. అంతకుముందు రోజుదాకా లోపలి నుంచి ఆకు నమిలే చప్పుడు వాన కురిసినట్టు వినిపించేది. ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయి ఉంది. కిటికీ జాలీలోంచి చూశాను. మసక వెలుతురులో తట్టల నిండా వేల తలలు లేచి ఉన్నాయి, అన్నీ ఏదో వింటున్నట్టు. ఒక్కటీ కదలడం లేదు. నా పాదాల కింద నేల సన్నగా అదిరింది. రోడ్డు మీద లారీ పోతుందేమో అని చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఆ అదురు అన్న వాయించేటప్పటిదే. నేను పరుగెత్తలేదు. అది ఆగేదాకా గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను.

తాతయ్య వెనక నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా చెయ్యి ఉన్న చోటే గోడ మీద తన చెయ్యీ పెట్టాడు. ఆయనకూ తెలిసిందో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

పంట దిగింది. పట్టుగూళ్లు సంతకు పోయాయి. ఆ ఆదివారం బ్యాండువాళ్లు అరుగు మీద మళ్లీ వాదనలో ఉన్నారు. గడువు రెండు రోజులే ఉంది. తాతయ్య పురుగులింటి తలుపు తెరిచి, నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"పురుగులన్నీ జ్వరం విడిచి లేచి పోయినాయి పాపా. నువ్వెప్పుడు లేస్తావు?"

నాకు అర్థం కాలేదు. ఆయన అటక వైపు చూశాడు. "మొదటి దినమే చూసినాను. జ్వరంలో ఉండేదాన్ని కదపకూడదు. ఆకు కూడా వేయకూడదు. అందుకని సుమ్మనే ఉండినాను, నిన్ను ఏమీ అడగలేదు."

నేను ఎక్కి క్యాసెట్ తీసుకొచ్చి డ్రమ్ముల అన్న చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నాను. అతను నన్ను చూశాడు, తాతయ్యను చూశాడు, దాన్ని టేప్ రికార్డరులో పెట్టాడు. చెడిపోయిందేమో చూద్దామని.

ముందు గరగర వచ్చింది. ఆ గరగరలో, ఎక్కడో చాలా దూరంగా, నూతి అడుగు నుంచి అన్నట్టు, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అన్న గొంతు వినిపించింది. పాట ఇంకా మొదలు కాలేదు. ఆ క్యాసెట్‌ను వాళ్లు ఎన్నోసార్లు విన్నారు, అక్కడ ఎన్నడూ ఏమీ లేదు. వంటింట్లోంచి అమ్మ తడి చేతులతో బయటికి వచ్చి నిలబడింది. ఆమె గడప దాటాకే అసలు అంకెలు గట్టిగా వినిపించాయి, వాటి వెంట పాట.

పాట అయిపోయింది. ముందుగా మాట్లాడింది పోచంపల్లి కుర్రాడు. నేను అతని గొంతు సరిగ్గా విన్నది అప్పుడే.

"ఇది నేను కాదన్నా. దీని మీద నా పేరు వద్దు."

డ్రమ్ముల అన్న కలం తీసుకున్నాడు. పేర్లు రాశాడు. నలుగురికి ఉన్న చోటులో అయిదు పేర్లు ఇరికించాడు. అన్న పేరు మొదట, ఆ కుర్రాడి పేరు చివర. సంగీతం రకం అన్న చోట ఏం రాయాలని నన్ను అడిగాడు. నేను నాలుగు నెలల తర్వాత నోరు తెరిచి, "ఏమీ రాయొద్దన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ ఆ తడి చేతులు నా తల మీద పెట్టింది.

పోటీలో వాళ్లు గెలవలేదు. అక్కడ అయిదో మనిషి ఎవరని అడిగితే, ముందే వచ్చినాడని చెప్పామని గిటార్ అన్న తర్వాత చెప్పాడు. కొన్నాళ్లకు హోసూరులో రేడియోలు బాగుచేసే ఒకతను కారణం చెప్పాడు. చుట్టి ఉన్న టేపులో ఒక పొరలోని శబ్దం పక్క పొరకు అంటుకుంటుందట, వేడి తగిలితే ఇంకా ఎక్కువగా అంటుకుంటుందట. కుంపటి మీద నెల రోజులు ఉంచితే అలాగే అవుతుందన్నాడు. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ రోజు నేల అదిరినప్పుడు టేపు తిరగడం లేదు. దానికి నా దగ్గర కారణం లేదు, వెతకలేదు కూడా.

ఆ క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాన్ని పెట్టి వినే యంత్రం లేదు. తాతయ్య, అమ్మ ఇద్దరూ పోయారు. చావు జరిగిన ఇళ్లకు పోయినప్పుడు, మాట్లాడకుండా కూర్చున్నవాళ్లు నాకు కనిపిస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లను మాట్లాడించాలని, తినిపించాలని, ఏడిపించాలని చూస్తుంటారు. నేను పక్కన చోటుంటే కూర్చుంటాను. ఏమీ అడగను. వాళ్ల చెయ్యి గోడకు ఆనించి ఉంటే, నా చెయ్యీ అక్కడే ఆనిస్తాను.